కేస్ ప్రాక్టీస్ అయ్యాక నెమరు ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి

కన్సల్టింగ్ కంపెనీల షార్ట్‌లిస్టులు దగ్గరపడే కొద్దీ హాస్టల్లో ఒకటే లెక్క వినిపిస్తుంది: "నీవి ఎన్ని కేసులయ్యాయి?" కేసు అంటే ఈ కంపెనీలు ఇంటర్వ్యూలో ఇచ్చే వ్యాపార సమస్య, దాన్ని అక్కడికక్కడే పైకి ఆలోచిస్తూ విప్పాలి. ముప్పై అన్నవాణ్ని చూసి ఇరవై దగ్గరున్నవాడు కంగారుపడతాడు. ఆ రాత్రే ఇంకో మూడు కేసులు చేసేసి, రెండింటికి పడుకుంటాడు. ఆ మూడింట్లోనూ జారింది ఒకే చోట అయి ఉండొచ్చు. ఆగి చూసుకోలేదు కాబట్టి ఆ సంగతి అతనికి తెలియదు. నాలుగో కేసులోనూ అక్కడే జారతాడు.

కేసు చేయడం మేత మేయడం. ఒంటపట్టేది నెమరు వేసినప్పుడు. కేసు ఎలా విప్పాలో చెప్పే కేస్‌బుక్‌లు కన్సల్టింగ్ క్లబ్బుల దగ్గర కావలసినన్ని ఉన్నాయి. అయిపోయిన కేసుతో ఏ గంటలో ఏం చేయాలన్నది మాత్రం ఎవరికి వారు కనిపెట్టుకోవాల్సి వస్తోంది. నాలుగు వేళలు పెట్టుకోండి: కేసు ముగిసిన వెంటనే, ఆ రాత్రి, మూడో రోజు, వారానికోసారి. ఒక్కో వేళలో ఒక్కో రకం తప్పు కనబడుతుంది. వెంటనే చూసుకుంటే ఆ క్షణంలో మీ బుర్ర ఎటు పోయిందో తెలుస్తుంది. రాత్రికి ఆ జ్ఞాపకం పలచబడుతుంది గానీ, అప్పుడు లెక్కనీ స్ట్రక్చర్‌నీ, అంటే సమస్యను కొమ్మలుగా విడగొట్టుకున్న తీరునీ, నింపాదిగా చూడగలరు. నేర్చుకున్నది నిలిచిందో లేదో తేలేది మూడో రోజున. పదే పదే చేస్తున్న తప్పు వారం మొత్తం ముందు పెట్టుకుంటే తప్ప దొరకదు.

ముందుగా, గంటన్నర పైన తీసి పెట్టుకోండి

ఇద్దరు కలిసి ఒకరికొకరు కేసు ఇచ్చుకునేటప్పుడు చాలామంది గంట పెట్టుకుంటారు. కేసుకు అరగంట చొప్పున గంటా అక్కడికే సరిపోతుంది. ఇక ఫీడ్‌బ్యాక్ అనేది బ్యాగు భుజాన వేసుకుంటూ, తలుపు దగ్గర నిలబడి, "ఓవరాల్‌గా బాగానే చేశావ్, స్ట్రక్చర్ కొంచెం చూసుకో" అన్న ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఆ వాక్యంతో చేయగలిగింది ఏమీ లేదు.

లెక్క ఇలా వేసుకోండి. కేసుకు 30 నిమిషాలు, మీరు మౌనంగా రాసుకోవడానికి 5, పార్ట్‌నర్ (మీకు కేసు ఇచ్చినవారు) చెప్పడానికి 10. మొత్తం 45. మధ్యలో 10 నిమిషాల విరామం, తర్వాత రెండోవారి వంతు 45. అంటే 100 నిమిషాలు. అంత సమయం ఇద్దరికీ లేకపోతే ఆ రోజు ఒక్కరే కేసు చేయండి, రెండోవారి వంతు మర్నాడు. రెండు కేసులు ఇరికించి రెండింటి నెమరూ పోగొట్టుకోవడం నష్టం.

మొదటి 5 నిమిషాలు: ఎవరూ మాట్లాడొద్దు

కేసు ముగిసిన మరుక్షణం పార్ట్‌నర్‌ను మాట్లాడనివ్వకండి. స్నేహితుడైతే "ఇప్పుడే చెప్పకురా, ఐదు నిమిషాలాగు" అంటే సరిపోతుంది. సీనియర్ అయితే "అన్నా, ఒక్క ఐదు నిమిషాలు రాసుకుంటాను, తర్వాత చెప్పండి" అని ముందే అడిగి పెట్టుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఎందుకింత పట్టుదల అంటే, జవాబు విన్న తర్వాత "అది నాకూ తట్టింది, చెప్పలేదంతే" అనిపించడం మనిషి నైజం. బరూక్ ఫిషాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. ఒక పాత యుద్ధం గురించి చదివించి, కొందరికి ఫలితం కూడా ముందే చెప్పేశాడు. ఫలితం తెలిసినవాళ్లు, అలా జరిగే అవకాశమే ఎక్కువని తాము ముందునుంచీ అనుకునేవాళ్లమన్నట్టు అంచనా వేశారు. కేసులోనూ ఇదే జరుగుతుంది. పార్ట్‌నర్ నోట జవాబు వచ్చేశాక, మీకు నిజంగా తట్టనిది ఏమిటో మీకే తెలియకుండా పోతుంది.

ఆ ఐదు నిమిషాల్లో రాయాల్సినవి:

1. ఎక్కడ ఆగిపోయాను? "మధ్యలో" అని రాస్తే చాలదు. "రెండో టేబుల్ ఇచ్చాక" అని చోటు రాయండి.
2. ఆ సమయంలో ఏం అనుకుంటున్నాను?
3. అడగాలనిపించి అడగని ప్రశ్న ఏది? ఎందుకు మింగేశాను?
4. ఏ అంకె మీద నాకే అనుమానం ఉండి కూడా ముందుకెళ్లాను?
5. నాకు నేను పదికి ఎన్ని మార్కులు వేసుకుంటాను?

ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పని చేస్తుంది. మీరు 8 వేసుకున్న కేసుకు పార్ట్‌నర్ 5 వేస్తే, ఆ మూడు మార్కుల తేడాలో మీకు కనబడని తప్పు దాగి ఉంది. రాత్రి ముందుగా వెతకాల్సింది అక్కడ.

కేసు చేసిన చిత్తుకాగితం పారేయకండి. మీద తేదీ వేసి, ఈ రాతంతా వేరే రంగు ఇంకుతో అదే కాగితం పక్కన రాయండి. నీలం ఇంకు కేసులో ఆలోచించినది, ఎరుపు ఇంకు తర్వాత తెలిసినది. నెల తర్వాత చూసినా ఏది ఏదో తేటగా ఉంటుంది. జూమ్‌లో చేసిన కేసైతే కాగితాన్ని అప్పుడే ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

తర్వాతి 10 నిమిషాలు: ఫీడ్‌బ్యాక్ అడిగి రాబట్టుకోవాలి

"ఎలా చేశాను?" అని అడిగితే "బాగానే" అనే వస్తుంది. చోటు చూపించమని అడగండి: "నేను చెప్పేది నీకు ఎక్కడ అర్థం కాకుండా పోయింది?" "నువ్వు క్లయింటు అయితే నా ఆఖరి మాట విని ఏ ప్రశ్న వేస్తావు?" "డేటా ఇచ్చాక దాన్నుంచి నేను తీయకుండా వదిలేసింది ఏమైనా ఉందా?" కాన్ఫిడెన్స్ కనబడలేదని పార్ట్‌నర్ అంటే, "ఏ వాక్యం దగ్గర?" అని అడగండి. గొంతు తగ్గింది లెక్క చెప్పేటప్పుడే అయితే అది కాన్ఫిడెన్స్ జబ్బు కాదు, లెక్క జబ్బు. మందు కూడా వేరు.

వింటున్నప్పుడు "అంటే నా ఉద్దేశం ఏంటంటే..." అని సమర్థించుకోవాలనిపిస్తుంది. ఆ మాట కాగితం మీద రాసుకోండి, పైకి అనకండి. పది నిమిషాలూ వాదనకే పోతే మిగతావి వినలేరు. పార్ట్‌నర్ చెప్పిందే తప్పు కావచ్చు, కేస్‌బుక్‌లో ఉన్నది కూడా ఒక దారే తప్ప ఏకైక దారి కాదు. ఆ తీర్పు రాత్రికి వాయిదా వేయండి.

కేసు ఇచ్చేవారికి ఒక పని: పక్కన ఒక అంచు గీసుకుని, నిమిషాలు వేస్తూ ఒకటి రెండు మాటలు రాస్తూ ఉండాలి. "6: స్ట్రక్చర్ చెప్పడం మొదలు", "14: డేటా ఇచ్చాను, మౌనం", "17: సున్నా తప్పింది". ఆ కాగితం ఫోటో తీసుకుని ఇంటికి తీసుకెళ్లండి.

ఆ రాత్రి: ఖాళీ కాగితం మీద మళ్లీ చేయడం

నాలుగు వేళల్లోనూ ఎక్కువ ఫలం ఇచ్చేది ఇదే. కేసుకూ దీనికీ మధ్య రెండు మూడు గంటలైనా గడవాలి, నిద్రకు ముందే అయిపోవాలి. పట్టేది 20 నుంచి 25 నిమిషాలు. నోట్సు చదువుకుంటూ కూర్చోవడం నెమరు అనిపించుకోదు. అన్నీ మూసేసి, కేసు మొదటి ప్రశ్న ఒక్కటే ఖాళీ కాగితం మీద రాసి, స్ట్రక్చర్ మళ్లీ వేయండి, లెక్క మళ్లీ చేయండి, ఆఖరి సిఫార్సు పైకి చెప్పండి. ఆ తర్వాతే పొద్దుటి కాగితం పక్కన పెట్టి పోల్చండి.

ఒక ఉదాహరణ చూద్దాం. సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్. నిరుడు నెలకు 12 లక్షల అమ్మకం మీద 1 లక్షా 80 వేల లాభం. ఇప్పుడు అమ్మకం 12 లక్షల 60 వేలు, లాభం మాత్రం 90 వేలు. ఎందుకు?

చేస్తున్న అభ్యర్థి అమ్మకం పెరిగిందని వినగానే "అయితే ఆదాయం వైపు సమస్య లేదు, ఖర్చులు చూస్తాను" అన్నాడు. ఖర్చు 10 లక్షల 20 వేల నుంచి 11 లక్షల 70 వేలకు, అంటే లక్షన్నర పెరిగింది. సరుకుల ఖర్చు 60 వేలు పెరిగిందని తెలియగానే పాల ధర మీద పడ్డాడు. పాల సరఫరాదారుణ్ని మార్చాలని, టీ ధర పెంచాలని సిఫార్సు చేసి ముగించాడు. మిగతా 90 వేల గురించి అడగనే లేదు.

అసలు సంగతి ఇది. నిరుడు అమ్మకమంతా హోటల్లోనే. ఇప్పుడు హోటల్లో 9 లక్షల 60 వేలు, డెలివరీ యాప్‌ల ద్వారా 3 లక్షలు. యాప్ కమీషన్ 25 శాతం, అంటే 75 వేలు. ప్యాకింగుకు 15 వేలు. రెండూ కలిపి 90 వేలు. పెరిగిన అమ్మకం 60 వేలూ పెరిగిన సరుకుల ఖర్చు 60 వేలూ చెల్లుకు చెల్లు. తగ్గిన లాభం 90 వేలు, కచ్చితంగా కమీషన్, ప్యాకింగుల మొత్తమే. ఇంకా లోతుకు వెళితే, కూర్చుని తాగే గిరాకీ 2 లక్షల 40 వేలు తగ్గి, యాప్‌లోకి మళ్లి ఉండొచ్చని అనుమానం రావాలి. యాప్ కొత్త గిరాకీ తెచ్చిందా, ఉన్న గిరాకీకే కమీషన్ కట్టిస్తోందా? హోటల్ యజమానికి కావలసిన జవాబు అది.

ఇప్పుడు ఈ కేసు గురించి రాత్రి డైరీలో ఏం రాయాలి? ఎక్కువమంది ఇలా రాస్తారు: "స్ట్రక్చర్ ఇంకా బాగుండాలి. డెలివరీ యాప్ కమీషన్ గుర్తుపెట్టుకోవాలి." మొదటి వాక్యంతో రేపు చేయగలిగింది ఏమీ లేదు. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే తర్వాతి కేసులో యాప్ ఉండదు. పనికొచ్చే రాత ఇలా ఉంటుంది:

"మొత్తం అమ్మకం పెరిగిందని వినగానే ఆదాయం కొమ్మ మూసేశాను. ఎందుకు: మొత్తం పెరిగితే అంతా బాగున్నట్టే అనుకున్నాను. ఇకపై: మొత్తం ఎటు కదిలినా, దాన్ని కనీసం రెండు ముక్కలుగా విడగొట్టి చూశాకే ఆ కొమ్మ మూయాలి. ఇంకొకటి: తేడా లక్షన్నర అయితే, లక్షన్నరా తేలేదాకా కారణాలు వెతకాలి. 60 వేల దగ్గర ఆగిపోయాను."

చేసినది, ఎందుకు చేశానన్నది, ఇకపై ఏం చేస్తానన్నది, ఈ మూడూ ఉన్నాయి. ఇందులో యాప్ మాట లేదు, ఇరానీ హోటల్ మాట లేదు. అందుకే ఇది ఆసుపత్రి కేసుకూ సిమెంటు కేసుకూ కూడా పనికొస్తుంది.

డైరీకి ఎక్సెల్ అయినా, 80 పేజీల నోట్‌బుక్ అయినా ఫరవాలేదు. గడులు ఇవి: తేదీ, కేసు రకం, నడిపించింది ఎవరు, ఎక్కడ జారాను, ఎందుకు, ఇకపై ఏం, మళ్లీ చూడాల్సిన తేదీ, మళ్లీ చూస్తే ఏమైంది. "నడిపించింది ఎవరు" అన్నది ఎందుకంటే, మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ తరహాలో ఇంటర్వ్యూయరే ప్రశ్న తర్వాత ప్రశ్నగా నడిపిస్తే తప్పు ఆ ప్రశ్నకే పరిమితమవుతుంది. బీసీజీ, బెయిన్ కంపెనీల తరహాలో అభ్యర్థే దారి వేసుకునే కేసుల్లో, ఐదో నిమిషంలో పట్టిన తప్పుదారి ఇరవయ్యో నిమిషం దాకా లాక్కెళ్తుంది. రెంటినీ కలిపి లెక్కేస్తే అసలు జబ్బు కనబడదు.

లెక్కల గురించి ఒక మాట. మన దగ్గర చదువుకున్నవాళ్లకు గుణకారం రాక తప్పడం అరుదు. తప్పేది సున్నాల దగ్గర, అదీ లక్షలూ కోట్ల నుంచి మిలియన్లూ బిలియన్లలోకి దూకినప్పుడు. నాలుగున్నర కోట్ల మంది తలా 200 రూపాయలు ఖర్చు పెడితే 900 కోట్లు. అంటే 9 బిలియన్ రూపాయలు. ఈ మార్పు తలలో చేస్తూ 90 అనేసినవాళ్లు తక్కువేం కాదు. 10 లక్షలు ఒక మిలియన్, కోటి అంటే 10 మిలియన్లు, 100 కోట్లు ఒక బిలియన్. కేసు మొదట్లోనే ఏ కొలమానంలో నడుస్తారో పైకి చెప్పి, చివరిదాకా దానిమీదే ఉండండి. డైరీలో "లెక్క తప్పు" అని ఊరికే రాయకండి. సున్నా తప్పా, శాతం తప్పా, వినడంలో తప్పా అని రాయండి.

పార్ట్‌నర్ ఒప్పుకుంటే కేసును ఫోన్‌లో రికార్డు చేయండి. అరగంటా వినక్కర్లేదు, ఎవరూ వినరు కూడా. మొదటి 4 నిమిషాలు, చివరి 2 నిమిషాలు వినండి చాలు. మొదట్లో ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పారా, చివర్లో జవాబు ముందు చెప్పి కారణాలు తర్వాత చెప్పారా అన్నవి చూడండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిషులో చెప్పేవాళ్లకు వాక్యం మధ్యలో ఒక ఆగుడు వస్తుంది, ఆ ఖాళీలో "బేసికల్లీ", "లైక్" వచ్చి కూర్చుంటాయి. అవి ఎక్కడ వచ్చాయో చూస్తే, ఆలోచన తేలకుండానే మాట మొదలుపెట్టిన చోట్లు బయటపడతాయి. మందు: వాక్యం మొదలుపెట్టే ముందు ఆగడం. మౌనం గురించి భయపడకండి, స్ట్రక్చర్‌కు ఒక నిమిషం అడిగి తీసుకోవడం మామూలే.

మూడో రోజు: 10 నిమిషాల పరీక్ష

డైరీలో రాసినది తిరిగి చదివితే "ఇది నాకు వచ్చు" అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని నమ్మకండి. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవడం సాధన చేసినవాళ్లు ముందుకొచ్చారు.

అందుకని మూడో రోజు అదే తప్పును వేరే బట్టలు వేసి ఎదురుగా పెట్టుకోండి. ఇరానీ హోటల్ పోయి డయాగ్నస్టిక్ సెంటర్ వచ్చింది: శాంపిళ్లు 20 శాతం పెరిగాయి, లాభం తగ్గింది. మొత్తాన్ని విడగొట్టాలని మీకు దానంతటదే తట్టిందా? నడిచొచ్చేవాళ్లు ఎందరు, కంపెనీల ప్యాకేజీల మీద తక్కువ ధరకు వచ్చేవాళ్లు ఎందరు అని అడిగారా? తడితే డైరీలో ఆ వరుసకు టిక్కు పెట్టండి. తట్టకపోతే మళ్లీ మూడు రోజులకు తేదీ వేయండి. పూర్తి కేసు అక్కర్లేదు, ప్రశ్న, స్ట్రక్చర్, మొదట అడిగే మూడు ప్రశ్నలు చాలు. కేస్‌బుక్‌లో మీరు చేయని కేసుల మొదటి పేరాలు దీనికి బాగా పనికొస్తాయి.

ఆదివారం: వారం మొత్తం ఒకచోట

45 నిమిషాలు. ఒక్కో తప్పుకు ఒక అక్షరం వేసుకోండి: ప్రశ్న అర్థం చేసుకోవడం అయితే 'ప్ర', స్ట్రక్చర్ 'స్ట్ర', లెక్క 'లె', చార్టు చదవడం 'చా', డేటా నుంచి అర్థం తీయడం 'అ', ముగింపు 'ము'. వారంలో వచ్చినవి లెక్కపెట్టండి. ఒకే అక్షరం మూడుసార్లు వస్తే రెండు రోజులు పూర్తి కేసులు ఆపేసి, దానికొక్కదానికే కసరత్తు చేయండి. 'స్ట్ర' అయితే పది ప్రశ్నలు, తలా మూడు నిమిషాలు, స్ట్రక్చర్ మాత్రమే. 'చా' అయితే బిజినెస్ పేపర్లో రోజుకు రెండు గ్రాఫులు తీసుకుని, ఒక్కోదాన్నుంచి రెండు వాక్యాలు: ఏం కనబడుతోంది, దానివల్ల యజమాని ఏం చేయాలి. రెండో వాక్యం రానివాళ్లదే అసలు 'అ' సమస్య.

ఇక్కడ ఒక జాగ్రత్త. పైకి కనబడే తప్పు ఒకటి, మూలం ఇంకొకటి కావచ్చు. ముగింపు తడబడిందని మూడుసార్లు రాశారనుకోండి. పాత కాగితాలు ముందేసుకుని చూడండి. కేసు మధ్యలో తేలిన విషయాలు ఎక్కడా పెట్టె గీసి రాసుకోలేదు, అందుకే చివర్లో కాగితమంతా వెతుక్కుంటున్నారు. కసరత్తు చేయాల్సింది ముగింపు కాదు, మధ్యలో రాసుకునే పద్ధతి. చిత్తుకాగితాలు దాచమన్నది ఇందుకే.

వచ్చే వారానికి ఒక్క దిద్దుబాటే పెట్టుకోండి, మరీ అయితే రెండు. ఏడు పెట్టుకున్నవాళ్లకు కేసు మధ్యలో ఒక్కటీ గుర్తురాదు. ఆ ఒక్కటీ కేసుకు ముందు పార్ట్‌నర్‌కు చెప్పండి: "ఈ వారం నేను కొమ్మ మూసే ముందు విడగొడుతున్నానా లేదా, అదొక్కటి చూడు."

ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు మానేయాలి

మొదటి ఐదారు కేసులకు నాలుగు వేళలూ పాటించండి. ఆ దశలో రోజుకు ఒక్క కేసు మించి వద్దు. పదిహేను దాటాక బాగా జరిగిన కేసుకు ఐదు నిమిషాల రాత చాలు, రాత్రి కసరత్తు జారిన కేసులకే. అయితే బాగా జరిగిన కేసులోనూ ఒక ప్రశ్న వేసుకోండి: నిజంగా తట్టిందా, అలాంటి కేసు ముందే చేసి ఉన్నానా? రెండోదైతే అది లెక్కలోకి రాదు.

ఇంటర్వ్యూలకు మూడు రోజుల ముందు కొత్త కేసులు ఆపండి. అప్పుడు కొత్త తప్పు దొరికినా దిద్దుకునే సమయం లేదు, బెంగ మాత్రం మిగులుతుంది. డైరీలోని "ఇకపై" గడి ఒక్కటీ తీసి, ఇంకా టిక్కు పడనివాటిని ఒక పోస్టుకార్డంత కాగితం మీద ఎత్తి రాయండి. ఎనిమిది వరుసలు మించకూడదు. ముందురోజు రాత్రి అదొక్కటే చదవండి. ఇంటర్వ్యూ రోజు పొద్దున నెమరు వద్దు.

క్యాంపస్‌లో ఒకే రోజు ఒక ప్యానెల్ తర్వాత ఇంకో ప్యానెల్ ఉంటుంది. బయటికి రాగానే స్నేహితులు చుట్టూ చేరి "ఏం కేసు? ఏం చెప్పావ్?" అని అడుగుతారు. అక్కడ కేసు విప్పడం మొదలుపెడితే, పక్కవాడు చెప్పిన వేరే జవాబు తర్వాతి గదిలోకి మీతోపాటు వస్తుంది. "సాయంత్రం మాట్లాడదాం రా" అని పక్కకు జరగండి. రెండు నిమిషాలు తీసుకుని కేసు ప్రశ్న, ముఖ్యమైన అంకెలు, మీరిచ్చిన సిఫార్సు, ఈ మూడే రాయండి. తర్వాతి రౌండు అదే కంపెనీదైతే వాటి గురించి మళ్లీ అడగొచ్చు. బాగా చేశానా లేదా అన్నది ఆ కాగితం మీద రాయకండి. మడిచి బ్యాగులో వేసి, నీళ్లు తాగి, తర్వాతి గది నంబరు చూసుకోండి.